లాంచీ చూపులు

పెళ్లికి ముందు లోకంలో అందరూ పిల్లని చూసుకుంటారు, పిల్లవాణ్ణి చూసుకుంటారు. మావాళ్లు లాంచీని చూసుకున్నారు. అదీ ఒక్కసారి కాదు, ఐదుసార్లు. ఇప్పటికీ తలుచుకుంటే ముందు ఒళ్లు మండుతుంది, ఆ తర్వాత కళ్లు మండుతాయి.

మా ఊరు సఖినేటిపల్లి రేవుకి దగ్గర. మా అత్తని, అంటే మా నాన్న చెల్లెల్ని, గోదావరికి అవతల నరసాపురం పక్కన ఇచ్చారు. మధ్యలో ఉన్నది ఏరొక్కటే. లాంచీ ఎక్కి ఒక తాంబూలం నమిలేలోగా అవతలి రేవు వచ్చేస్తుంది. నా చిన్నప్పుడు అత్త వారానికి రెండుసార్లు పుట్టింటికి వచ్చేది. ఇంట్లో కరివేపాకు అయిపోయినా వంక పెట్టుకుని వచ్చేస్తుందని మా అమ్మ వేళాకోళం చేసేది. మా నాయనమ్మకి ఉన్న ఒక్కగానొక్క ఆడపిల్ల. ఆవిడ లాంచీ దిగే వేళకి నాయనమ్మ వీధి అరుగు మీద కూర్చుని, చూస్తున్నట్టు కనపడకుండా రోడ్డు వైపే చూసేది.

తొంభైల మొదట్లో మా బాబాయి పెళ్లయింది. అప్పటికి నాకు పదకొండేళ్లు. పెళ్లి మర్నాడు మా ఇంట్లో వ్రతం, భోజనాలు. వాకిట్లో తాటాకు పందిరి, రెండు వరసల అరిటాకులు. అత్త భర్త, మా మావయ్య, మొదటి బంతిలో కూర్చున్నాడు. ఆకు మీద నీళ్లు చల్లుకున్నాడు కూడా. అంతలో కొత్త వియ్యాలవారి తరఫు పెద్దాయన ఒకరు ఆలస్యంగా వచ్చారు. కూర్చోబెట్టడానికి చోటు లేదు. మా నాన్న కంగారు మనిషి. మావయ్య భుజం మీద చెయ్యేసి, "బావా, నువ్వు మన ఇంట్లోవాడివేగా. లే, మనిద్దరం రెండో బంతిలో కూర్చుందాం" అన్నాడు.

మా వైపు మనిషిని తిట్టొచ్చు. గట్టు తగాదా పెట్టుకుని కోర్టుకీడ్చొచ్చు. మళ్లీ సంబరాల్లో కలుసుకుని "ఏవండీ, బాగున్నారా" అంటే సరిపోతుంది. ఆకు ముందునుంచి అల్లుణ్ణి లేపడం మాత్రం ఉండదు. ఆ సంగతి మా నాన్నకి తెలియక కాదు, ఆ నిమిషంలో బుర్ర పనిచెయ్యలేదంతే.

మావయ్య లేచాడు. "ఈ ఒడ్డున ఇంకోసారి కాలు పెడితే నన్ను మనిషనకండి" అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండును. మా నాయనమ్మకి కోపం ముక్కు మీద ఉండేది. ఆస్తి కింద నాకు వచ్చింది కూడా అదే. పందిట్లో పదిమంది ముందూ కొడుకుని అల్లుడు అంతంత మాటలంటుంటే ఆవిడ చూడలేకపోయింది. నాన్న నెత్తిన చెయ్యి పెట్టి, "నా కొడుకు మీద ఒట్టు! నేనూ మీ ఒడ్డున కాలు పెట్టను, ఫోండి" అనేసింది. అత్త అప్పుడు బంతిలో పులుసు వడ్డిస్తోంది. మావయ్య "పద" అన్నాడు. చేతిలో గరిటె ఉందన్న సంగతి కూడా చూసుకోకుండా రేవు దాకా నడిచి వెళ్లిపోయింది.

ఆ తర్వాత తొమ్మిదేళ్లు, మావయ్య మాట దాటలేక, అత్త మా గడప తొక్కలేదు.

నెల తిరక్కుండా గరిటె మాత్రం వచ్చింది. రేవులో లాంచీ నడిపే సరంగు తెచ్చాడు. "అమ్మగారండీ, అమ్మాయిగారు ఇమ్మన్నారండి" అంటూ గుడ్డలో చుట్టిన గరిటె ఇచ్చాడు. దాంతోపాటు రెండు మూరల కనకాంబరాలు. ఆ వేసవిలో నాయనమ్మ ఒక జాడీడు ఆవకాయ అతని చేతనే పంపింది. జాడీ తిరిగొచ్చేటప్పుడు నిండా సున్నిపిండి. ఒకరింటి గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదు కదా. కానీ జాడీ మూత రాలేదు. "మర్చిపోయి ఉంటాది, మతిమరుపు మొహం" అని నాయనమ్మ మరుసటేడు జాడీ మూతికి గుడ్డ వాసెన కట్టి పంపింది. ఆ పై ఏడూ వాసెనే. అలా ఏటేటా జాడీ ఏరు దాటుతూనే ఉంది, మూత అవతలే ఉండిపోయింది. ఒట్లూ పంతాలూ మనుషులకే గానీ ఊరగాయలకి లేవు.

నాకు ఇరవయ్యేళ్లు వచ్చేసరికి మా బావ, అత్త కొడుకు, మస్కట్లో వెల్డింగు పని చేస్తున్నాడు. వాళ్లమ్మకి నా గురించి ఉత్తరం రాశాడట, చేసుకుంటే మావయ్య కూతుర్నే చేసుకుంటాను, లేదంటే సెలవు మీద ఇంటికి రానే రానని. నాకు గుర్తున్న బావ నా జడ పట్టుకు లాగి, నా కొత్త చెప్పు ఏట్లో పారేసిన బావ. ఆ తర్వాత చూసింది ఒక ఫొటోలో, తనది కాని కారుకి ఆనుకుని నిలబడి. అయినా ఉత్తరం సంగతి వినగానే నా చెవులు ఎర్రబడ్డాయి, ఎందుకు అబద్ధం చెప్పాలి.

పెద్దలందరూ సరేనన్నారు. ఎక్కడ చెయ్యాలన్న దగ్గర చిక్కుపడింది. మా వాకిట్లోకి మావయ్య రాడు. వాళ్లింటికి నాయనమ్మ వెళ్లదు. "పోనీ అన్నవరంలో కానిచ్చేద్దాం" అంది అమ్మ. అన్నవరం గోదావరికి మా వైపు. "అయితే ద్వారకా తిరుమల" అన్నారెవరో. అది వాళ్ల వైపు. దేవుళ్లు కూడా చెరో ఒడ్డూ పంచుకుని కూర్చున్నారు.

దారి చూపించింది సరంగే. ఒకరోజు అరుగు మీద కూర్చుని, మజ్జిగ తాగి, నిదానంగా అన్నాడు: "ఒట్టు ఒడ్డుకి కదండమ్మా. ఏటికి ఎవరూ ఒట్టెయ్యలేదు కదండీ. మధ్యలో లంగరేసేత్తాను, అక్కడ చేసుకోండి పెళ్లి."

"ఆయ్" అంది నాయనమ్మ. అంత తొందరగా ఆవిడ దేనికైనా ఒప్పుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వాకిట్లో పందిరి కావాలి నాకు. బాజాలు కావాలి. కారు మీద పూలు కట్టి ఊరేగించాలి, నా తోటి పిల్లలందరూ గుమ్మాల్లో నిలబడి చూసి కుళ్లుకోవాలి. ఏటి మధ్యలో ఊరేగితే ఎవరు చూస్తారు, చేపలా? రెండు రోజులు అన్నం మానేశాను. అంటే, అందరూ పడుకున్నాక తిన్నాననుకోండి. ఎవరూ పట్టించుకోలేదు. లాంచీ చూసుకోవడానికి రోజు పెట్టేశారు.

ఆ రోజు పొద్దున్న నాయనమ్మ తలంటుకుంది. పెట్టె అడుగునుంచి బండారులంక నేత చీర తీసి కట్టుకుంది. సంచిలో కొబ్బరి లౌజు, కరివేపాకు పొడి, వెన్నపూస గిన్నె. "లాంచీకి తినిపిస్తావేంటి అవన్నీ?" అన్నాను మూతి ముడుచుకుని. ఆవిడ సంచి మూతి బిగించింది. నన్ను కూడా రమ్మంది. పెళ్లికూతురు రేవులోకి రావడమేంటని అమ్మ నసిగితే, "పీట మీద కూర్చునేది అదే కదా. కూర్చుంటే చోటు సరిపోతుందో లేదో చూడొద్దా?" అంది.

మధ్యాహ్నం రద్దీ తగ్గాక సరంగు మా కోసం లాంచీ తీశాడు. నాన్న, నాయనమ్మ, నేను, తాటిపాక నుంచి వచ్చిన పంతులుగారు ఎక్కాం. నడి ఏట్లోకి వెళ్లాక ఇంజను ఆపి లంగరు వేశాడు. అంతసేపు టకటకా కొట్టుకున్న ఇంజను ఒక్కసారి ఆగేసరికి, లాంచీ కింద నీళ్లు తగులుతున్న చప్పుడు వినపడింది. పక్కనుంచి బస్సునీ లారీనీ మోసుకుంటూ పంటు వెళ్తోంది. అందులో జనం, వీళ్లకేం పోయేకాలం, నడి ఏట్లో ఆగేరేంటన్నట్టు మమ్మల్ని చూశారు.

అవతలి ఒడ్డునుంచి నావ ఒకటి బయల్దేరింది. అందులో గొడుగు ఒకటి కనపడింది. నాయనమ్మ లాంచీ పక్క బల్ల మీద కూర్చుని, కొంగు భుజం చుట్టూ తిప్పుకుని, రెండు చేతులతో సంచిని ఒళ్లో పట్టుకుంది. నావ దగ్గరయ్యేకొద్దీ బల్ల అంచుకి జరుగుతోంది. అప్పుడు మొదటిసారి నా కోపం కొంచెం తగ్గింది.

నావ ఆనింది. మావయ్య ముందు ఎక్కాడు. నాన్న చెయ్యి అందించాడు. మావయ్య ఆ చెయ్యి చూసి, పక్కనున్న ఇనప కమ్మీ పట్టుకుని ఎక్కాడు. నాన్న చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. కాసేపాగి, పనిలో పనిగా ఆ చేత్తోనే తల గోక్కున్నాడు. ఆ వెనకాల అత్త ఎక్కింది. నా జ్ఞాపకంలో ఉన్న అత్త కన్నా కొంచెం లావు, కొంచెం పొట్టి. వచ్చి నాయనమ్మ ముందు నిలబడింది.

తొమ్మిదేళ్ల తర్వాత తల్లీకూతుళ్లు ఏమనుకుంటారో అని అందరం గుడ్లప్పగించి చూస్తున్నాం. పంతులుగారైతే సంచిలోంచి తీసిన పంచాంగం మళ్లీ సంచిలో పెట్టేశారు.

"జాడీ మూతేదే?" అంది నాయనమ్మ.

"మర్చిపోయేనమ్మా" అంది అత్త.

అని నవ్వింది, నవ్వుతూనే ఏడ్చేసింది. అలాగే వెళ్లి నాయనమ్మ పక్కన కూలబడింది. నాయనమ్మ ఏడవలేదు. "జుట్టంతా ఏం చేసుకున్నావే, చేటెడుండేది" అని తిడుతూ అత్త ముడి విప్పి, మళ్లీ గట్టిగా ముడేసింది.

ఇంక లాంచీ చూపులు మొదలయ్యాయి. పీట ఎక్కడ వెయ్యాలో అక్కడ సుద్దముక్కతో గీత గీసి నన్ను కూర్చోమన్నారు. నడినెత్తిన ఎండ. పంతులుగారు "తూర్పెటు?" అన్నారు. చూపించారు. "వధూవరులు తూర్పుముఖంగా కూర్చోవాలి" అని ఆయన అంటూండగానే సరంగు తల అడ్డంగా ఊపాడు.

"అది కుదరదండి పంతులుగారండీ. పోటు మీదున్నప్పుడు లాంచీ ముక్కు సముద్రం వైపు ఉంటాదండి. నీరు తీసేప్పుడు ఎగువకి తిరిగిపోతాదండి. లంగరు మీదున్న లాంచీ ఏరు చెప్పినట్టే వింటాదండి."

"అంటే, జీలకర్రా బెల్లం పెట్టేటప్పుడు తూర్పుకి కూర్చున్నవాళ్లు తలంబ్రాల వేళకి పడమటికి తిరుగుతారా?"

"ఆయ్. ఒక్కసారి తిరగదండి. మెల్లిగా తిరుగుతాదండి, మీకు తెలీదు."

పంతులుగారు కళ్లు మూసుకున్నారు. చివరికి ముందొకటి వెనకొకటి రెండు లంగర్లు వెయ్యాలని తేలింది. తర్వాత హోమం. వెనక డీజిలు ఉంది కాబట్టి నిప్పు ముందువైపే ఉండాలి, అదీ ఇసక పోసిన ఇనప బాణలిలో ఉండాలి, పక్కన రెండు బిందెల నీళ్లు ఉండాలి అన్నాడు సరంగు. "చుట్టూ గోదారి ఉండగా బిందెలెందుకయ్యా?" అన్నాడు నాన్న. "గోదారి అందుబాటులో ఉండదు కదండీ, బిందె ఉంటాదండి" అన్నాడతను. అప్పటిదాకా ముభావంగా ఉన్న మావయ్య ముసిముసిగా నవ్వి, వెంటనే మానేశాడు.

పందిరి కొలత తీస్తున్నారు. టేపు ఒక కొస నాన్న చేతిలో ఉంది, రెండో కొస బల్ల దగ్గర పట్టుకోమని నాయనమ్మకి ఇచ్చాడు. కొలత అయిపోయింది. "అమ్మా, వదులు" అన్నాడు. ఆవిడ వదల్లేదు. బొటనవేలితో టేపుని బల్లకేసి నొక్కి పట్టి, అత్తతో ఏదో చెబుతోంది. "అమ్మా, టేపు." వినపడలేదు. మోకాళ్ల నొప్పి, మినుముల తెగులు, కొత్తగా కొన్న గేదె పాలివ్వకుండా తన్నడం, ఇవీ వాళ్ల మాటలు. తొమ్మిదేళ్లు దాచుకున్న మాటలేమో అనుకుని నేను చెవులు రిక్కిస్తే, నిన్నా మొన్నా కలుసుకున్నట్టు గేదె గురించి! నాన్న రెండో కొస పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మూడోసారి అడగలేదు.

అప్పుడు అర్థమైంది నాకు. ఆ లాంచీ మీద ఎవరూ నన్ను కొలవడం లేదు. నా పెళ్లి ఒక పందిరి గుంజలాంటిది. గుంజ కోసం ఎవరూ పందిరెయ్యరు.

అంతా అయ్యాక మావయ్య గొంతు సవరించుకున్నాడు. "భోజనాలు ఎన్ని బంతులు?" అన్నాడు.

ఆ ఒక్క మాటకి లాంచీ అంతా బిగుసుకుపోయింది. అందరం లెక్కవేశాం. ఎంత సర్దినా ముప్పై ఆకులకి మించి పట్టవు. మనుషులు అంతకి రెట్టింపు. రెండో బంతి తప్పదు. సరంగు వెళ్లి పని లేకపోయినా ఇంజను దగ్గర కూర్చున్నాడు. నాయనమ్మ టేపు వదిలేసింది. ఆ ఒక్క గంట కూడా చేజారిపోతోందని ఆవిడ మొహం చూస్తే నాకే భయమేసింది. అత్త ఆవిడ చెయ్యి పట్టుకుంది.

నాన్న టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "రెండే బంతులు బావా. మొదటి బంతి అంతా మీవాళ్లే. మా ఇంటి మనిషి ఒక్కడు కూడా అందులో కూర్చోడు. నేను రెండో బంతిలో, అందరికన్నా ఆఖరాకు దగ్గర కూర్చుంటాను. ఆరోజు కూడా నేనే అలా చెయ్యాల్సింది" అన్నాడు.

మావయ్య పంటు వెళ్లిన వైపు చూశాడు. నావ దిగేటప్పుడు మాత్రం నాన్న చెయ్యి అందిస్తే పట్టుకున్నాడు.

అత్త దిగిపోతుంటే నాయనమ్మ లేచి నిలబడింది. "పందిరి ఎత్తు చూడనే లేదు. పొడుగువాళ్ల తలకి తగులుతాది. మళ్లీ ఓసారి రావాలి" అంది ఎవరితోనో అన్నట్టు. "ఆయ్, రావాలమ్మా" అంది నావలోంచి అత్త. ఈసారి మూత తేవడం మర్చిపోకని నాయనమ్మ అరిచింది.

అలా రెండోసారి పందిరి ఎత్తు. మూడోసారి వంటపొయ్యి ఎక్కడని. ఈలోగా బావకి కంపెనీవాళ్లు సెలవివ్వలేదు. మాఘమాసం ముహూర్తం కాస్తా వైశాఖానికి పోయింది. నేను గదిలో తలుపేసుకుని ఏడిస్తే, నాయనమ్మ "వేసవిలో ఎండ ఎటు పడుతుందో చూడాలి" అని నాలుగోసారి లాంచీ కట్టించింది. వైశాఖం కూడా జారిపోయింది. ఐదోసారి వంక కూడా దొరక్క, "ఊరికే, లాంచీ ఉందో లేదో చూసొద్దాం" అంది. ప్రతిసారీ నన్ను సుద్దగీత దగ్గర కూర్చోబెట్టేవారు. ప్రతిసారీ అత్త మూత మర్చిపోయి వచ్చేది. ప్రతిసారీ నాయనమ్మ దానికి తిట్టేది. ఆ తిట్లు కూడా ఆవిడకి ఎంత రుచిగా ఉండేవో!

ఐదోసారి ఇంటికి వచ్చాక నేను ఉండబట్టలేకపోయాను. "పెళ్లి నాకా, నీకా?" అని అడిగేశాను.

"పెళ్లి నీకేనే. లాంచీ నాకు" అంది.

"అంత బెంగైతే ఆ ఒట్టు తీసి గట్టున పెట్టొచ్చుగా. ఏ కాలం మనిషివి నువ్వు?"

ఆవిడ నావైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. కోపం కాదు. "గట్టున పెట్టడానికి అది నా తలైతే పెట్టేద్దును. మీ నాన్న తల మీద పెట్టేను. ఆడికి రేపు జ్వరమొచ్చినా, నేను ఆ ఒడ్డున దిగబట్టే వచ్చిందనుకుంటాను. ఒక పిల్ల కోసం ఇంకో పిల్లాణ్ణి పణం పెట్టనా?" అంది. అంత మాట ఎందుకన్నానా అని ఈరోజుకీ నా నాలుక కొరుక్కుంటాను.

శ్రావణంలో వరద వచ్చింది. ఏరు ఎర్రగా, చెట్లూ చేమలూ మోసుకుంటూ రేవు మెట్లన్నీ ముంచేసింది. లాంచీలు కట్టేశారు. పంటు కూడా ఆపేశారు. సరిగ్గా అప్పుడే నాయనమ్మ మంచం పట్టింది. మొదట దగ్గు, తర్వాత జ్వరం, ఆయాసం. డాక్టరుగారు రోజూ ఇంటికి వచ్చి చూశారు. ఆవిడ తన ఒంటి సంగతి ఆయన్ని ఒక్కసారి కూడా అడగలేదు. పొద్దున్నే నాన్న రేవు నుంచి రాగానే, "నీరు తీసిందా?" అని అడిగేది.

"తీస్తోందమ్మా. ఒక మెట్టు కనపడింది" అనేవాడు నాన్న. ఏ మెట్టూ కనపడలేదు.

నాలుగో రోజు అవతలికి ఫోను చేయించాడు. లాంచీ లేదు కాబట్టి రోడ్డు మీదుగా రావాలి. సిద్ధాంతం వంతెన దాటి, రావులపాలెం, రాజోలు మీదుగా బస్సులు మారుకుంటూ చుట్టు తిరిగి రావాలి. తాంబూలం నమిలేంత దూరానికి పొద్దుటినుంచి సాయంత్రం దాకా ప్రయాణం చేసి అత్త వచ్చింది. పక్కన మావయ్య. నాయనమ్మ మధ్యాహ్నమే పోయింది. పోయే ముందు కూడా నీరు తీసిందా అనే అడిగింది. తీసిందనే చెప్పాడు నాన్న.

మావయ్య గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, కాసేపు నిలబడి, లోపలికొచ్చాడు. తొమ్మిదేళ్లనాడు ఆయన అన్న మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తి ఏం లాభం? అత్త నాయనమ్మ తల ఒళ్లో పెట్టుకుని, జుట్టు దువ్వుతూ కూర్చుంది.

పెద్దకర్మ రోజున మళ్లీ మా వాకిట్లో అరిటాకులు వేశారు. నాన్న ఎదురెళ్లి మావయ్య రెండు చేతులూ పట్టుకుని, మొదటి బంతిలో మొదటి ఆకు చూపించాడు. "బావా, నువ్వు కూర్చుంటే గానీ ఎవరూ కూర్చోరు" అన్నాడు. మావయ్య ఆయన చేతులు మెల్లిగా విడిపించుకున్నాడు. పక్కనున్న నీళ్ల జగ్గు తీసుకుని, వరసలోకి వెళ్లి, వచ్చినవాళ్లందరికీ గ్లాసుల్లో నీళ్లు పోశాడు. బంతి లేచేదాకా పోస్తూనే ఉన్నాడు. మళ్లీ ఆకులు వేశాక, వెళ్లి రెండో బంతిలో ఆఖరాకు ముందు కూర్చుని, పక్క ఆకు చూపించి "రా బావా" అన్నాడు. నాన్న కూర్చున్నాడు గానీ ఒక్క ముద్ద కూడా మింగలేకపోయాడు. తొమ్మిదేళ్ల ముందు జరగాల్సిన భోజనం అది. చూడాల్సిన మనిషి లేదు.

ఏడాది తిరిగాక బావ సెలవు మీద వచ్చాడు. లాంచీ మాట ఎవరూ అనలేదు, దాని అవసరం ఏముంది? నేను కోరుకున్నట్టే మా వాకిట్లో తాటాకు పందిరేశారు. బాజాలు, పూలకారు, ఊరేగింపు. నా తోటి పిల్లలు గుమ్మాల్లో నిలబడి చూశారు కూడా. పంతులుగారికి తూర్పు ఎక్కడికీ తిరిగిపోలేదు. పీట మీద కూర్చున్నంతసేపూ నాకు ఆ సుద్దగీతే గుర్తొచ్చింది. ఆ ఎండలో ఇంకో పదిసార్లు కూర్చోమన్నా కూర్చుందును, ఆవిడ బల్ల మీద టేపు నొక్కి పట్టుకుని ఉంటే.

అప్పగింతలయ్యాక అదే లాంచీలో అవతలికి వెళ్లాం. నడి ఏట్లోకి వచ్చాక, ఎవరూ చెప్పకుండానే సరంగు ఇంజను ఆపాడు. అత్త నాయనమ్మ కూర్చునే ఆ పక్క బల్ల మీద కూర్చుని, చేత్తో బల్లని ఒకసారి తుడిచింది. కొంచెంసేపటికి సరంగు మళ్లీ ఇంజను వేశాడు.

కాపురానికి వెళ్లిన వారానికి, నా చీరలు సర్దడానికని అత్త తన బీరువా తీసింది. పట్టుచీరల మధ్య తెల్లటి గుడ్డలో ఏదో చుట్టి ఉంది. విప్పి చూస్తే జాడీ మూత. చిన్న పెచ్చు కూడా ఊడలేదు.

"ఇక్కడే ఉంది కదత్తా! మర్చిపోయేవనుకున్నాం" అన్నాను.

"ఐదుసార్లూ మర్చిపోతానేంటే?" అంది అత్త. మూత నా చేతిలోంచి తీసుకుని మళ్లీ గుడ్డలో చుట్టింది. "ఇచ్చేస్తే మా అమ్మ ఇంకేం అడుగుద్దే నన్ను?"

ఇప్పుడు జాడీ కూడా ఈ ఒడ్డునే, మా ఇంట్లో ఉంది. ఏటా ఆవకాయ పెట్టి వాసెన కడతాను. మూత బీరువాలోనే ఉంది.